సింహాల కుర్చీ, మార్చి నెలాఖరు

ట్యాక్స్ ప్రాక్టీసు కొత్తగా మొదలుపెట్టిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వెంగళరావు నగర్‌లో మూడో అంతస్తు అద్దె ఇల్లు, లిఫ్టు లేదు. ఆయాసపడుతూ ఎక్కి వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి కూర్చోబెడితే అందరూ అడిగేది ఒకటే. "సార్, చిన్న వ్యాపారులకు ట్యాక్స్ ప్లానింగ్ చెయ్యాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" ముందు వెళ్లి వాళ్ల కొట్టు చూడండి అంటాను. పెద్దాయన దాటవేస్తున్నాడని నవ్వుకుంటూ దిగి వెళ్లిపోతారు. నేను దాటవెయ్యలేదు. ఆ మాట నాకు ఎక్కడ నుంచి వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా సంగతి కొంచెం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మాది గోదావరి ప్రాంతంలో ఒకప్పటి చిన్న జమీందారీ. వంశం పేరు రాయను. రాస్తే మీలో ఎవరికీ తెలియకపోవచ్చు, ఆ సంగతి నాకు తెలియడం నాకిష్టం లేదు. నేను పుట్టేనాటికే భూములు పోయాయి, మర్యాదలు మిగిలాయి. వాటిలో ఒకటి, మా ఇంట్లో మగవాళ్లెవరూ కుర్చీకి వీపు ఆనించరు. మా తాత ఆనించేవాడు కాదట, మా నాన్న ఆనించలేదు, నేనూ ఆనించను. బస్సులో కూడా అంతే. శ్రీనగర్ కాలనీలోని మా ఆఫీసులో నా వెనక నన్ను 'రాజావారు' అనేవారు. నా సహోద్యోగి ఒకాయన, నాకంటే పదేళ్లు చిన్న, నా ముఖం మీదే అనేవాడు. "రాజావారూ, ఆ కుర్చీకి వెనక భాగం కూడా మనమే కొన్నామండీ. డబ్బులు దండగ." అతని నోరు అలాంటిది గానీ, లెక్కల్లో అతనంత నమ్మకమైనవాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

మా క్లయింట్లలో సగం సినిమాల చుట్టూ బతికే చిన్న వ్యాపారులే. జనరేటర్ వ్యాన్లవాళ్లు, షూటింగులకు భోజనాలు పంపేవాళ్లు, విగ్గులు కట్టేవాళ్లు. తెర మీద వీళ్ల పేర్లు పరుగెత్తిపోతాయి, రిటర్నుల్లో మాత్రం ఏటా నిలబడతాయి. వాళ్లలో ఒకావిడ ఫిల్మ్ నగర్ దిగువ సందులో ఒక గోడౌను నడిపేది. షూటింగులకు సామాను కిరాయికివ్వడం ఆమె వ్యాపారం. రాజుల కాలం పల్లకీ మొదలు కార్పొరేట్ ఆఫీసు టేబులు దాకా ఏది అడిగినా ఇచ్చేది. వ్యాపారం మామగారు మొదలుపెట్టాడు, భర్త పెంచాడు. ఇద్దరూ పోయాక ఆమె చేతికి వచ్చింది. హైదరాబాదులోనే పుట్టి పెరిగిన మనిషి, కామర్స్ చదివింది, బ్యాలెన్స్ షీటు ముందు పెడితే నాకంటే ముందు ఆఖరి మొత్తం దగ్గరకు వెళ్లేది.

ఒక ఫిబ్రవరిలో ఫోను చేసింది. "సార్, జర మీరే రావాలె గోడౌనుకు. ఈసారి కాయితాల మీద అయ్యే పని కాదు."

వెళ్లాను. గోడౌను ఓనరు అక్కడ రెస్టారెంటు కట్టించాలనుకుంటున్నాడట. ఏప్రిల్ ఒకటి నుంచి రెట్టింపు కిరాయి ఇవ్వమన్నాడు, లేదా మార్చి ఆఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు. ఆ కిరాయి కడితే వ్యాపారం ఏడాది కూడా నిలవదు. ఖాళీ చేస్తే ఇంత సామాను పట్టే జాగా ఆమె తాహతులో ఎక్కడా లేదు. అదే సమయంలో ఒక రిసార్టువాళ్లు వచ్చి పాత జమీందారీ సామానంతా ఒకేసారి కొంటామన్నారు. "అమ్మాల్నా, మూసెయ్యాల్నా, గదొక్కటి చెప్పుండ్రి సార్" అంది.

గోడౌను చూపిస్తూ నడిచింది. ఒక సగం నిండా భర్త లోను మీద కొన్న సోఫా సెట్లు, గాజు టేబుళ్లు, పెద్ద పెద్ద మంచాలు. అన్నీ పాలిథిన్ కవర్లలో ఉన్నాయి. రెండో సగం మామగారిది. అద్దాల బీరువాలు, పందిరి మంచాలు, గొలుసుల ఉయ్యాల బల్లలు. ఆ సగం చివర, చిన్న అరుగు లాంటి ఎత్తు మీద, తెల్ల గుడ్డ కప్పి ఒక కుర్చీ ఉంది. ఆమె చెప్పులు విడిచి గుడ్డ తీసింది.

నల్లటి చేవ కర్ర. చేతులు ఆనించే చోట రెండు సింహాలు. వీపు దగ్గర చెక్కిన తామర పూవు. ఎడమ సింహానికి కింది దవడ లేదు.

ఆ దవడ విరిగిన రోజు నాకు తెలుసు. బొంగరం తగిలి విరిగింది. బొంగరం నాది.

అది మా తాత కుర్చీ. చిన్నప్పుడు మమ్మల్ని దాని మీద కూర్చోనిచ్చేవారు కాదు. నేను పుట్టకముందే తాత పోయాడు, ఆ తర్వాత ఎవరూ కూర్చోలేదు, ఇల్లు చిన్నదై వస్తువులు పెద్దవైపోయాక దాని మీద బియ్యం బస్తాలు ఎక్కాయి, వానాకాలం తడి దుప్పట్లు ఎక్కాయి. ఒక రోజు పాత సామాను కొనే మనిషి లారీతో వచ్చాడు. మా నాన్న కూలీలను దాన్ని ముట్టనివ్వలేదు. కుడివైపు ఆయన, ఎడమవైపు నేను పట్టుకుని లారీ ఎక్కించాం. లారీ మలుపు తిరిగే వరకు నాన్న నిలబడి, లోపలికొచ్చి భోజనం వడ్డించమన్నాడు. తర్వాత మా ఇంట్లో ఆ కుర్చీ మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

"మా మామ తెచ్చిండు గిది, గోదావరి దిక్కు నుంచి" అంది ఆమె. నేను తల ఊపాను. పక్కన ఉన్న స్టూలు మీద చెయ్యి పెట్టాను.

"అయ్యో, గట్ల నిలబడ్డరేంది సార్. గా ప్లాస్టిక్ కుర్చీల కూసోండ్రి. దీంట్ల మాత్రం ఎవ్వల్ని కూసోనియ్యం. షాట్ ఉంటెనే."

"షాట్ ఉంటేనేనా?"

"మా మామ పెట్టిన రూలు. ఉత్తగ కూసుంటే కుర్చీకి వేషాలు తగ్గుతయంట." నవ్వింది గానీ, ఆ రూలును ఆమె ఎంత గట్టిగా పాటిస్తుందో తర్వాత తెలిసింది. కుర్చీ టెంపో ఎక్కే ముందు కర్పూరం వెలిగిస్తారు. సెట్ మీద షాట్‌కీ షాట్‌కీ మధ్య గుడ్డ కప్పుతారు. ఒక పెద్ద హీరో ఫోను మాట్లాడుతూ ఊరికే కూర్చోబోతే ఈవిడే వెళ్లి, "అన్నా, మీకు ఏసీ వ్యాను ఉన్నది గద" అని లేపిందట.

మా ఇంట్లో బియ్యం బస్తాలు మోసిన కుర్చీ అది.

నేను ఏమీ చెప్పకుండా ఆఫీసుకు వచ్చి, నాకు తెలిసిన పని మొదలుపెట్టాను. పిల్లలూ, ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, ఓపిక పట్టండి. వ్యాపారంలో వాడే ఫర్నిచరంతటినీ చట్టం ఒకే కుప్పగా చూస్తుంది. ఏటా ఆ కుప్ప విలువలో కొంత తరుగుదల కింద తీసేస్తాం. పాత సామాను ఎప్పుడో కారుచౌకగా కొన్నది, కుప్పలో దాని విలువ దాదాపు ఏమీ మిగల్లేదు. కుప్పలో మిగిలిందంతా ఈమధ్య కొన్న సోఫాల విలువే. ఇప్పుడు పాత సామాను మంచి ధరకు అమ్మితే, వచ్చిన సొమ్ము మొత్తం కుప్ప విలువను దాటిపోతుంది. దాటినదంతా ఆ ఏటి లాభం, దాని మీద పన్ను. అయితే అదే ఏడాదిలో కొత్త ఫర్నిచర్ కొని వాడుకలో పెడితే కుప్ప పెరుగుతుంది, అమ్మిన సొమ్ము దాన్ని దాటదు, ఆ ఏడు పన్నూ ఉండదు.

కాబట్టి నా ప్లాను ఇది. పాతది రిసార్టుకు అమ్మాలి. ఆ డబ్బుతో మార్చి దాటకుండా ఇంకా కొత్త మోడల్ సోఫాలు కొనాలి. మిగిలిన దాంతో కిరాయి కట్టాలి. అన్నీ చట్టం లోపలే. పట్టికలో 'టేకు, చేవ కర్ర కుర్చీలు' అన్న వరుసలో తాత కుర్చీని కూడా కలిపేశాను.

నా సహోద్యోగి కాగితం చూసి కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "రాజావారూ, అదిరిందండీ. ఒక్క రూపాయి జారలేదు." ఆ రోజు నా వీపు ఇంకో అంగుళం నిటారుగా ఉండి ఉంటుంది.

ఆమె కూడా ఒప్పుకుంది. రిసార్టు తరఫు కుర్రాడు, చాలా మర్యాదస్థుడు, భీమవరం వైపు యాస, గోడౌనంతా తిరిగి చూశాడు. పాత సామాను ఫొటోలు తీసుకున్నాడు. వస్తూ వస్తూ సోఫాల దగ్గర కూడా ఆగి, "ఇవి మా కాటేజీల్లోకి బాగుంటాయండీ, రూములు ఇంకా ఖాళీగానే ఉన్నాయి" అన్నాడు. ఆ మాటను నేను ఆ రోజు పట్టించుకోలేదు. ఒక్క సింహాల కుర్చీ మాత్రం ఆ వారం షూటింగుకు వెళ్లింది. అది చూడనిదే అడ్వాన్సు ఇవ్వలేనన్నాడు. "అయితే సెట్‌కే పోదాం పాండ్రి" అంది ఆమె. ముగ్గురం వెళ్లాం.

ఇన్నేళ్లు సినిమావాళ్ల లెక్కలు చూశాను గానీ, షూటింగ్ ఫ్లోరు లోపలికి నేను వెళ్లడం అదే మొదలు. బయట ఎండ, జూబ్లీహిల్స్ బండరాళ్ల వేడి. లోపల అడుగుపెడితే దివాణం. నిజంగా దివాణమే. ఎత్తైన స్తంభాలు, పాలరాతి నేల, మేడ మీద రాణుల గవాక్షాలు. నోరు తెరిచి చూస్తూ ఒక స్తంభం మీద చెయ్యి వేశాను, అది కదిలింది. థర్మోకోల్. పాలరాయి ప్లైవుడ్ మీద అంటించిన స్టిక్కరు. వెనక్కి వెళ్లి చూస్తే దివాణమంతా కర్ర వాసాల మీద నిలబెట్టిన ముఖం మాత్రమే, వీపు లేదు. నా జీవితంలో పెద్ద భాగం గడిచింది ఇలాంటి ఇంట్లోనే కదా అనిపించింది. నవ్వూ వచ్చింది.

ఆ అబద్ధమంతటి మధ్య, మూడు మెట్ల పైన, తెల్ల గుడ్డ కింద మా తాత కుర్చీ.

అసలు నటుడు ఇంకా రాలేదు. ఈలోగా లైట్లు సరిచూసుకోవడానికి కుర్చీలో ఎవరినైనా కూర్చోబెట్టమని కెమెరామన్ అడిగాడు. ఒక జూనియర్ ఆర్టిస్టును పిలిచారు. డెబ్బై దాటిన మనిషి, బక్కగా, ఎత్తుగా ఉన్నాడు. ఉదయం నుంచి బంట్రోతు వేషంలో ఓ మూల నిలబడి ఉన్నాడట. ఎవరో భుజం మీద జరీ శాలువా వేశారు.

"ఓ తాతా, జల్దీ కూసో. ఎండిన చింతకాయ లెక్క ఉన్నవ్, నీ మీద లైటెట్ల పడాలె" అన్నాడు పైనుంచి లైట్‌మన్. అందరూ నవ్వారు.

"నా పెండ్లి నాడు నీ లెక్కనే ఉంటిని బిడ్డా" అన్నాడు ముసలాయన. మళ్లీ నవ్వులు.

ఆమె వెళ్లి గుడ్డ తీసింది. "షాటేనా?" అని కెమెరామన్‌ని అడిగింది. లైటింగు కూడా షాటు కిందే లెక్కమ్మా అన్నాడతను. ఆమె పక్కకు జరిగింది. ముసలాయన చెప్పులు విడిచాడు. కుర్చీ పాదానికి చెయ్యి తాకించి కళ్లకద్దుకున్నాడు. కూర్చున్నాడు.

నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను, ఒక్క మాట కలపడం లేదు. లైటు వెలిగింది. ఆ బక్క మనిషి వీపు నిటారుగా లేచింది. కుడి చెయ్యి సింహం తల మీద వాలింది, ఎడమ చేతి బొటనవేలు విరిగిన దవడ మీదకు దానంతటదే వెళ్లింది. గడ్డం కొద్దిగా పైకెత్తాడు. పైన లైట్‌మన్ నోట్లో నములుతున్నది ఆపేశాడు. టీ గ్లాసులు పట్టుకుని అడ్డంగా నడుస్తున్న మనిషి ఆగి పక్కకు తప్పుకున్నాడు. ఎవరూ 'సైలెన్స్' అనలేదు. ఫ్లోరంతా దానంతటదే నిశ్శబ్దమైంది. ఈవిడ చేతులు కట్టుకుని నిలబడింది. నేను కూడా నా చేతులు కట్టుకుని ఉన్నానని కాసేపటికి గానీ చూసుకోలేదు.

మా తాతను నేను చూడలేదు. ఫొటో కూడా లేదు. ఆ రోజు చూశాను.

"ఓకే తాతా, దిగు" అన్నాడు కెమెరామన్, గొంతు తగ్గించి. ముసలాయన దిగాడు, శాలువా ఇచ్చేశాడు, చెప్పుల్లో కాళ్లు దూర్చి "టిఫిను ఒడిసిందా, ఇంక ఉన్నదా?" అని అడిగాడు. నేను ఉండబట్టలేక దగ్గరికి వెళ్లాను. అలా కూర్చోవడం ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను.

"నేర్చుకునుడేంది సార్? ఆనుకుంటే గుచ్చుతది" అన్నాడు వీపు తడుముకుంటూ. "ఆ పువ్వు నడుమ మొగ్గ ఉన్నది సూడుండ్రి, గది. గిట్ల సీదగ కూసుంటెనే పానం సుఖం."

వెళ్లి చూశాను. నిజమే, తామర పూవు మధ్య బొటనవేలంత మొగ్గ చెక్కి ఉంది, సరిగ్గా వెన్నెముకకు తగిలే చోట. మూడు తరాలుగా మేము ఎవరికీ తలవంచక, దేనికీ ఆనుకోక బతికిన మర్యాద వడ్రంగి చెక్కిన ఆ మొగ్గలోంచి పుట్టింది. పెద్దగా నవ్వాలనిపించింది. నవ్వలేకపోయాను. ఎవడో పేరు తెలియని పనివాడు ఉలితో ఒక వంశానికి నడక నేర్పాడన్నది నాకు నవ్వులాటగా కనిపించలేదు. ఇప్పటికీ కనిపించదు.

రిసార్టు కుర్రాడు కూడా కదిలిపోయాడు. "సూపరండీ. ఇది రిసెప్షన్‌లో పెడతాం. వచ్చిన గెస్టులందరూ కూర్చుని ఫొటో దిగుతారు. దీనికి కథేమైనా ఉందాండీ? ఏ వంశం వాళ్లది? పేరు దొరికితే ఇత్తడి పలక మీద రాయించి పెడతాం. రేటు కూడా మా ఎండీ గారితో చెప్పి పెంచిస్తాను."

"మా మామకు తెల్సు. ఆయన లేడు గద" అంది ఆమె.

నేను కాసేపు ఆ థర్మోకోల్ స్తంభం పక్కన నిలబడ్డాను. పేరు చెబితే ఆమెకు లాభం. చెప్పకపోతే నా పరువు నాకు మిగులుతుంది. కానీ క్లయింటుకు వచ్చే లాభాన్ని కన్సల్టెంటు తన జేబులో దాచుకోకూడదు. ఈ ఒక్క నియమం వల్లే ముప్పై ఏళ్లు ఈ వృత్తిలో తలెత్తుకుని తిరిగాను. ఆమెను పక్కకు పిలిచి చెప్పాను. లారీ సంగతి, బొంగరం సంగతి కూడా.

"ఇన్ని దినాలు లోపల్నే పెట్టుకున్నరా సార్?"

"ఆస్తుల పట్టికలో రాసే వివరం కాదమ్మా. ఇప్పుడు దానికి ధర వచ్చింది కాబట్టి చెప్పాను. పేరు అతనికి చెప్పమంటే చెబుతాను."

"చెప్తె పలక పెడ్తరు. పలక కింద ఎవలెవలో కూసొని సెల్ఫీలు దిగుతరు. మీకు సమ్మతమేనా?"

"నా సమ్మతం అడగొద్దు. నేను మీ కన్సల్టెంటును."

ఆమె కుర్రాడి దగ్గరికి వెళ్లింది. "తమ్మీ, మీ స్విమ్మింగ్ పూలు ఏడుంటది?"

"రిసెప్షన్ పక్కనేనండీ. బయటికి రాగానే."

"అంటె తడి బట్టల్తోటే వచ్చి కూసుంటరు."

"టవల్స్ ఇస్తామండీ" అన్నాడు పాపం, అమాయకంగా.

"అయితె వద్దు తమ్మీ. పాతది ఏదీ అమ్మను."

కుర్రాడు తెల్లబోయాడు. ఆమె నా వైపు తిరిగింది. "మీ ఇంటిదని ఆపిన అనుకోకుండ్రి సార్. గా తాత కూసుంటే ఫ్లోరంత సప్పుడు బందయింది, చూసిండ్రు గద. సోఫా మీద ఎంత పెద్ద హీరో కూసున్నా ఎన్నడన్న గట్లయిందా? ఇవి అమ్మితె నేను ఉత్త సోఫాల షాపుదాన్ని." అప్పుడు గొంతు మారింది. "గానీ మార్చి ఎట్ల సార్? తాళం ఏసుడేనా?"

నా కళ్ల ముందు గోడౌను మెదిలింది. ఒక సగం నిండా పాలిథిన్ కవర్లు. కవర్లు ఎందుకున్నాయి? బయటికి వెళ్లడం లేదు కాబట్టి. ఒక సినిమాలో కనబడ్డ సోఫా ఇంకో సినిమాలో కనబడితే జనం ఫోన్లలో పక్కపక్కన పెట్టి ఎగతాళి చేస్తున్నారని, అందుకే ఆర్ట్ డైరెక్టర్లు వాటిని రెండోసారి అడగరని ఆమె ఎప్పుడో మాటల్లో అంది. సింహాల కుర్చీని ఎన్నిసార్లు చూసినా ఎవరూ ఏమీ అనరు. నేనేమో కాగితం మీద చచ్చినదాన్ని కొనమని, బతికున్నదాన్ని అమ్మమని రాశాను. ఒక్క రూపాయి కూడా జారని ప్లాను.

"బాబూ, మీ కాటేజీల్లో రూములు ఖాళీగా ఉన్నాయన్నారు కదా?" అని అడిగాను కుర్రాణ్ణి.

లెక్క తిరగేస్తే సరిపోయింది. సోఫాలు అమ్మితే వచ్చే సొమ్ము తక్కువే. కుప్పలో ఉన్న విలువంతా వాటిదే కాబట్టి ఆ సొమ్ము కుప్పను దాటదు, పన్ను రాదు. పైగా గోడౌనులో సగం ఖాళీ అవుతుంది. సగం సామానుకు సగం జాగా చాలు, టోలిచౌకి వైపు అలాంటిది ఆమె ఇప్పుడు కడుతున్న కిరాయికే దొరుకుతుంది. కుర్రాడు రెండు రోజులు బేరమాడి, రూములు తెరిచే తేదీ తరుముకొస్తుంటే ఒప్పుకున్నాడు. సోఫాల డబ్బుతో లోను తీరింది. నా సహోద్యోగి కొత్త కాగితం చూసి, "అదే చట్టం, అదే లెక్క, తలకిందులుగా నిలబెట్టారేంటండీ?" అన్నాడు. కొట్టు చూసొచ్చానయ్యా అన్నాను.

మార్చి ఆఖరి వారంలో సామాను మార్చారు. నన్ను రమ్మని ఎవరూ పిలవలేదు, నేనే వెళ్లాను. బీరువాలు, మంచాలు దిగాయి. ఆఖరున టెంపోలో సింహాల కుర్చీ మిగిలింది. కూలీలు చెయ్యి వెయ్యబోతే ఆగమన్నాను. ఎడమవైపు నేను పట్టుకున్నాను. ఆమె ఒక మాట కూడా అడగకుండా కుడివైపు వచ్చి పట్టుకుంది. బరువు ఏమీ తగ్గలేదు. నాకే వయసు పెరిగింది. కొత్త గోడౌనులో చివర, కొత్తగా కట్టించిన అరుగు మీద దించాం.

కూలీలు టీ తాగడానికి బయటికి వెళ్లారు. నేను రుమాలుతో ముఖం తుడుచుకుంటున్నాను. ఆమె కొంగుతో కుర్చీ దుమ్ము దులిపి, గుడ్డ కప్పకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"సార్, ఎవ్వలు లేరు. ఒక్కసారి కూసోండ్రి. మీ తాతది."

నేను ఆ మొగ్గ వంక చూశాను. దవడ లేని సింహం వంక చూశాను. చెప్పులు మాత్రం విడిచాను. ఆమె చేతిలోంచి తెల్ల గుడ్డ అందుకుని, నాలుగు మూలలూ సరిచేసి, నేనే కప్పాను.

"షాట్ లేదు కదమ్మా" అన్నాను.